కొత్త ఫోన్ విమానంలో, పాత ఫోన్ బ్యాటరీ ఓడలో: అండమాన్ దీవుల్లో రిపేరు కష్టాలు

కొత్త సెల్‌ఫోన్ చెన్నై నుంచి రెండు మూడు గంటల్లో అండమాన్ చేరుతుంది. పాత ఫోన్‌లో మార్చాల్సిన బ్యాటరీ మాత్రం విడి సరకుగా ఆ విమానం ఎక్కలేదు. పరికరం లేకుండా లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరకుగా పంపడాన్ని అంతర్జాతీయ నిబంధనలు 2016 ఏప్రిల్ 1 నుంచి నిషేధించాయి. పరికరంలో బిగించి ఉన్నా, పరికరంతో కలిపి ప్యాక్ చేసినా షరతుల మీద అనుమతిస్తారు. మంటలు చెలరేగే ప్రమాదం ఉంది కాబట్టి పెట్టిన నిబంధన ఇది, దాన్ని తప్పుపట్టడానికి లేదు. కానీ దీవులకు వచ్చే విమానాల్లో అత్యధికం ప్రయాణికులవే. అందువల్ల వస్తువు మొత్తంగా వేగంగా వస్తుంది, దాన్ని బతికించే భాగం నిదానంగా వస్తుంది. ప్రధాన భూభాగం నుంచి వచ్చే బంధువు చేతిసంచిలో ఒక బ్యాటరీ తెచ్చిపెట్టడం ఒక్కటే దగ్గరి దారి.

నాసిరకం వస్తువులు, విప్పడానికి వీల్లేని వస్తువులు, దొరకని విడిభాగాలు. ఈ చిరాకు హైదరాబాద్‌లోనూ ఉంది, విజయవాడలోనూ ఉంది. అయితే అక్కడ కోఠీ గుజరాతీ గల్లీలోనో, మరో సందులోనో ఎవరో ఒకరు ఆ భాగాన్ని వెతికిస్తారు. వస్తువు తయారీలోని లోపాన్ని ఆ సందు కప్పిపుచ్చుతుంది. అండమాన్, నికోబార్ దీవుల్లో అలా కప్పిపుచ్చేది తక్కువ. పైగా అక్కడి గాలి ప్రతి మర మీదా, ప్రతి తీగ మీదా రోజూ పరీక్ష పెడుతుంది. దేశమంతా వాడుతున్న సరకు అసలు నాణ్యత ఎంతో తెలుసుకోవడానికి ఆ దీవుల్లోని ఇళ్లను చూస్తే చాలు.

సముద్రం అవతలి సర్వీస్ సెంటర్

చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతా మూడింటికీ శ్రీ విజయపురం సుమారు 1,200 కిలోమీటర్ల దూరం. 2024 సెప్టెంబరులో పేరు మారకముందు ఆ ఊరు పోర్ట్ బ్లెయర్. ప్రయాణికుల ఓడకు రెండున్నర నుంచి నాలుగు రోజులు పడుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో ఉన్నది 3,80,581 మంది. వారిలో 13 శాతం పైగా, అంటే సుమారు 50 వేల మంది, మాతృభాష తెలుగు అని నమోదు చేయించుకున్నారు. వీరిలో చాలామందికి మూలాలు శ్రీకాకుళం, విశాఖ వైపు ఉన్నాయి. కాబట్టి ఇది తెలుగువారికి పరాయి చోటి సంగతి కాదు.

దేశంలో నాలుగు లక్షల మంది ఉన్న ఓ మోస్తరు పట్టణానికి ఏ కంపెనీ అయినా ఒక సర్వీస్ సెంటర్ పెడుతుంది. ఇక్కడ ఆ జనాభా ఒకే పట్టణంలో లేదు. ఉత్తరాన దిగ్లీపూర్ నుంచి దక్షిణాన గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే దాకా దాదాపు 700 కిలోమీటర్ల పొడవున పరుచుకుని ఉంది. ఒక్క శ్రీ విజయపురం నుంచి క్యాంప్‌బెల్ బేకే 500 కిలోమీటర్లకు పైగా సముద్ర ప్రయాణం. హట్ బేలో ఒక ఫ్రిజ్ ఆగిపోతే మెకానిక్ ఓడెక్కి రావాలి, లేదా ఫ్రిజ్ ఓడెక్కి వెళ్లాలి. వానాకాలంలో సముద్రం అల్లకల్లోలంగా ఉంటే రెండూ కదలవు.

చాలా వారంటీ పత్రాల్లో చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది. సర్వీస్ సెంటర్ ఉన్న పురపాలక పరిధి దాటితే రాకపోకల ఖర్చు కొనుగోలుదారుదే అని. విజయనగరం జిల్లా పల్లెలో ఆ వాక్యం విలువ ఒక బస్సు టికెట్. కార్ నికోబార్‌లో దాని విలువ ఒక్కోసారి వస్తువు ధరను మించిపోతుంది. వారంటీ కాగితం రెండు చోట్లా ఒకటే.

2020 ఆగస్టు 10న చెన్నై నుంచి దీవులకు సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ అందుబాటులోకి వచ్చింది. అంతకుముందు ఉపగ్రహం మీద ఆధారపడి నత్తనడక నడిచిన ఇంటర్నెట్ ఒక్కసారిగా పుంజుకుంది. దాంతోపాటే ఆన్‌లైన్ కొనుగోళ్లూ సులువయ్యాయి. బొమ్మ చూసి వస్తువు ఎంచుకోవడానికి ఇప్పుడు దూరం అడ్డు కాదు. బాగా లేదని తిప్పి పంపడానికి, చెడిపోతే బాగు చేయించుకోవడానికి మాత్రం ఆ 1,200 కిలోమీటర్లు ఉన్నచోటే ఉన్నాయి.

ఉప్పుగాలి పెట్టే పరీక్ష

దీవుల్లో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ తడుపుతాయి. గాలిలో తేమ ఏడాది పొడవునా ఎక్కువే. అయితే వస్తువులను తినేది వాన కంటే ఎక్కువగా ఉప్పు. సముద్రపు తుంపర ఆరిపోయి సన్నటి ఉప్పుపొరగా మిగులుతుంది. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే తనంతట తానే నీళ్లూరుతుంది. వానాకాలంలో వంటింటి ఉప్పు డబ్బాలో చూసేది ఇదే. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడ్ అయితే అందులో సగం తేమకే చెమరుస్తుంది. అంటే చుక్క వాన పడకపోయినా, ఇంట్లోని ఇనుము మీద కంటికి కనిపించని ఉప్పునీటి పొర ఉంటూనే ఉంటుంది.

ఇంటి కప్పు మీద వేసే జింకు రేకును తీసుకుంటే లెక్క స్పష్టంగా తెలుస్తుంది. ఇనుప రేకును తుప్పు నుంచి కాపాడేది దాని మీది జింకు పూత. ఆ పూతను చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు అని కొలుస్తారు. మన దేశపు ప్రమాణాల్లో 120 గ్రాముల రేకు ఉంది, 275 గ్రాముల రేకు ఉంది, అంతకంటే మందం పూతవీ ఉన్నాయి. ఈ అంకె రెండు వైపులా కలిపి. 120 గ్రాముల రేకులో ఒక్కో వైపు పూత మందం ఎనిమిదిన్నర మైక్రాన్లకు మించదు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంతర్జాతీయ ప్రమాణాల వర్గీకరణ ప్రకారం ఓ మాదిరి వాతావరణంలో జింకు ఏడాదికి 0.7 నుంచి 2.1 మైక్రాన్లు అరుగుతుంది. ఉప్పు, తేమ తీవ్రంగా ఉన్న తీరంలో 4.2 నుంచి 8.4 మైక్రాన్లు అరుగుతుంది. కరీంనగర్‌లో పదేళ్లు నిలిచే పూత అలాంటి తీరంలో ఒకటి రెండేళ్లలో అయిపోతుంది. కంపెనీ అబద్ధం చెప్పనక్కర లేదు. కొనేవాడు దుకాణంలో అడిగేది రేకు మందం ఎంత అని. పూత ఎంత అని అడిగేవాడు తక్కువ, దుకాణదారుకు తెలిసి ఉండడమూ తక్కువే.

స్టీలు సామానుదీ ఇలాంటి కథే. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలులో ఎనిమిది శాతం దాకా నికెల్ ఉంటుంది. నికెల్ ఖరీదైనది. ధర తగ్గించడానికి దాని స్థానంలో చాలావరకు మాంగనీసు కలిపి 200 శ్రేణి స్టీలు చేస్తారు. లోతట్టు ఊళ్లలో రెండింటికీ తేడా తెలియదు. ఉప్పుగాలిలో 200 శ్రేణి సామాను మీద త్వరలోనే గోధుమరంగు చుక్కలు పడతాయి. మన బజారులో అయస్కాంతం పెట్టి చూసి, అంటుకోకపోతే మంచి స్టీలు అనే అలవాటు ఒకటుంది. అయస్కాంతానికి ఈ రెండూ మామూలుగా అంటుకోవు. కాబట్టి ఆ పరీక్ష వల్ల దుకాణదారుకు తప్ప ఎవరికీ లాభం లేదు.

పనిముట్ల విషయంలో మోసం ఇంకా తేలిక. మెరిసే పానాల సెట్టు, కటింగ్ ప్లయరు కొత్తలో చూడముచ్చటగా ఉంటాయి. పైన ఉన్నది పల్చటి క్రోమియం పూత. ఒకసారి గీత పడితే ఆ గీత కింద నుంచి తుప్పు పాకి పూతను పొలుసులుగా లేపుతుంది. ప్లయరు కీలు బిగుసుకుపోతుంది. మెత్తటి ఉక్కుతో చేసిన పానా, తుప్పుపట్టి బిగిసిన బోల్టు దగ్గరకొచ్చేసరికి తానే నోరు తెరుస్తుంది. బోల్టు అంచులు గుండ్రంగా అరిగిపోతాయి. ఇక దాన్ని విప్పాలంటే ఉలి పెట్టి నరకడమే. నాసి పనిముట్టు వల్ల వచ్చే అసలు నష్టం ఇదే. అది తనతో పాటు, బాగు చేయగలిగిన మరో వస్తువును కూడా పాడుచేస్తుంది.

ఇవన్నీ దీవులకే పరిమితం అనుకోనక్కర లేదు. విశాఖ బీచ్ రోడ్డు మీది ఇళ్లలో ఏసీల బయటి యూనిట్లను, ఉప్పాడలో కిటికీ చువ్వలను చూసినవారికి ఈ సంగతి కొత్త కాదు. తేడా ఏమిటంటే, విశాఖలో ఏసీ గ్యాసు అయిపోతే మర్నాడు నింపుతారు. కొత్త ఏసీల్లో వాడే ఆర్32 గ్యాసుకు మండే స్వభావం ఉంది. మండే గ్యాసు సిలిండర్లకు ప్రయాణికుల విమానంలో చోటు లేదు. దీవులకు అదీ ఓడలోనే రావాలి.

ఫ్యాన్‌లో చేరిన బోర్డు

పాత సీలింగ్ ఫ్యాన్‌లో చెడిపోయేవి మూడే మూడు. కెపాసిటర్, బేరింగులు, వైండింగు. మన మెకానిక్‌లు కండెన్సర్ అని పిలిచే ఆ చిన్న డబ్బా ధర వంద రూపాయల లోపే. అన్ని కంపెనీలకూ దాదాపు ఒకటే సరిపోతుంది. బేరింగు అంకె చెబితే ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా దొరుకుతుంది. వైండింగు కాలిపోతే రాగి తీగ చుట్టే మనిషి రంగత్‌లోనూ ఉంటాడు, రాజాంలోనూ ఉంటాడు.

ఇప్పుడు వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాన్లు వేరు. వీటిని నడిపేది లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు. బోర్డు పోతే అదే కంపెనీ, అదే మోడల్ బోర్డు కావాలి. కంపెనీ ఆ మోడల్ ఆపేస్తే, రెక్కలూ మోటారూ చక్కగా ఉన్న ఫ్యాన్ కూడా తుక్కే. ఉప్పు తేమ మొదట పట్టేది ఆ బోర్డునే. బోర్డు మీద తేమ చొరబడకుండా పల్చటి రక్షణ పూత వేయవచ్చు. దానికయ్యే ఖర్చు వస్తువు ధరతో పోలిస్తే స్వల్పం. దీవుల కోసం అమ్మే వస్తువు అని ఏదీ విడిగా తయారు కాదు కాబట్టి, ఆ పూత ఉందో లేదో చెప్పే లేబులూ లేదు.

అలాగని పాత ఫ్యానే మేలు అని కొట్టిపారేయడానికీ లేదు. పాతది 75 వాట్లు తాగితే కొత్తది 30 వాట్ల దగ్గర సరిపెట్టుకుంటుంది. రోజుకు పది గంటల లెక్కన ఏడాదికి 160 యూనిట్ల దాకా ఆదా. దీవుల్లో కరెంటు చాలావరకు డీజిల్ జనరేటర్ల నుంచే వస్తుంది. దిగ్లీపూర్ దగ్గర కల్పాంగ్ జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 5.25 మెగావాట్లే. 2020లో శ్రీ విజయపురం పరిసరాల్లో 20 మెగావాట్ల సౌర విద్యుత్తు, బ్యాటరీలతో సహా, తోడైంది. అయినా డీజిల్‌దే పైచేయి. ఒక లీటరు డీజిల్‌తో మూడున్నర నుంచి నాలుగు యూనిట్ల కరెంటు పుడుతుందనుకుంటే, ఒక్క ఫ్యాన్ ఏడాదికి ఆదా చేసేది 40 లీటర్లకు పైనే. ఆ డీజిలూ ఓడలో వచ్చిందే. కాబట్టి దీవులకు కావలసింది పాత ఫ్యాన్ కాదు, బోర్డు మార్చుకోగల కొత్త ఫ్యాన్. పంపు స్టార్టర్లకో, బల్బు హోల్డర్లకో ఉన్నట్టు ఫ్యాన్ బోర్డుకూ ఒక ఉమ్మడి కొలత, ఉమ్మడి కనెక్షన్ ఉండకూడదని ఏ భౌతికశాస్త్ర సూత్రమూ చెప్పదు. లేనిదల్లా కంపెనీల మధ్య ఒప్పందం, లేదా ప్రభుత్వ ఆదేశం.

ఎల్‌ఈడీ బల్బులో ఇదే సమస్య ఇంకా చిన్న రూపంలో కనిపిస్తుంది. లోపలి చిప్పులను ఒకదాని తర్వాత ఒకటిగా కలిపి ఉంచుతారు కాబట్టి ఒకటి పోతే అన్నీ ఆరిపోతాయి. తక్కువ చిప్పులతో ఎక్కువ వెలుగు రాబట్టడానికి వాటిలోకి ఎక్కువ కరెంటు పంపిస్తారు, దాంతో అవి వేడికి మాడతాయి. ఇలా కాకుండా చేయడం తెలియక కాదు. దుబాయ్ నగరపాలక సంస్థ కోరిక మీద ఫిలిప్స్ 2016లో ఒక బల్బు చేసింది. చిప్పులు ఎక్కువ పెట్టి, ఒక్కోదానికి కరెంటు తక్కువ ఇచ్చింది. బల్బు చల్లగా ఉంటుంది, ఎక్కువ కాలం వెలుగుతుంది, కరెంటూ తక్కువ తాగుతుంది. కొనేవాడు గట్టిగా అడిగితే అదే పరిశ్రమ అలాంటి వస్తువును కూడా చేయగలదని ఆ బల్బు చూపించింది.

విరిగిన ఓడల ఇనుము

దీవుల్లో ఇనుముకు చాలా పాత చరిత్ర ఉంది. గనుల నుంచి ఇనుము తీయడం, కరిగించడం అక్కడి ఆదిమ తెగలకు తెలియదు. ఒడ్డున విరిగిన ఓడల నుంచి మేకులు, పట్టీలు ఊడదీసి, కొలిమి లేకుండా చల్లగానే రాళ్లతో సాగగొట్టి బాణాల ములుకులు, బాడిసల అంచులు చేసుకునేవారు. 19వ శతాబ్దిలో ఇ.హెచ్. మాన్, ఎం.వి. పోర్ట్‌మన్ వంటి బ్రిటిష్ అధికారులు ఈ పనితనాన్ని వివరంగా రాశారు. కొట్టుకొచ్చిన సీసాలనూ వదల్లేదు. గాజును పెచ్చులుగా చెక్కి క్షౌరానికి వాడుకునేవారు. 1981 ఆగస్టులో ఉత్తర సెంటినెల్ దీవి దగ్గర పగడపు దిబ్బలో ప్రిమ్‌రోజ్ అనే ఓడ చిక్కుకుపోయింది. దాని ఇనుము కూడా సెంటినెలీయుల ఆయుధాల్లోకి చేరిందని తర్వాతి పరిశీలకులు చెప్పారు.

వేరే సమాజం తన అవసరానికి చేసుకున్న వస్తువును, దాని భాష తెలియని మనుషులు తమ అవసరానికి మలుచుకోగలిగారు. అందులో వారి నేర్పు ఎంత ఉందో, ఆ లోహం లొంగే గుణం అంత ఉంది. మన ఊళ్లలో కమ్మరులు లారీ కమాను పట్టీలతో కత్తులు, కొడవళ్లు చేయడం ఇదే కోవలోది. ఆ కత్తి మొద్దుబారితే సాన పడుతుంది, పిడి విరిగితే కొత్త పిడి ఎక్కుతుంది, అంచు అరిగితే మళ్లీ కొలిమిలోకి వెళ్లి వస్తుంది. పల్చటి రేకును అచ్చులో నొక్కి, ప్లాస్టిక్ పిడిలో పోతపోసి బిగించిన కత్తికి ఈ మూడూ కుదరవు. పిడి పగిలిందంటే కత్తి పని అయిపోయినట్టే. అతుకులను అల్ట్రాసోనిక్ పద్ధతిలో కరిగించి మూసిన చార్జర్లు, జిగురుతో అంటించిన బ్యాటరీలు, మామూలు తిరుపుళికి లొంగని మూడు మూలల స్క్రూలు కూడా ఇదే రకం. తెరవడమే నష్టంగా మారేట్టు చేసిన వస్తువులివి.

పడౌక్ పోయి, పొట్టు పలక వచ్చి

చాథమ్ రంపపు మిల్లు 1883లో మొదలైంది. అండమాన్ పడౌక్ దుంగలు అక్కడ పలకలయ్యేవి. మన ఎర్రచందనం, వేగిస చెట్లకు దగ్గరి బంధువు ఈ పడౌక్. ఎర్రటి రంగు, చెదలకు, తేమకు ఓర్చుకునే గుణం. ఆ కలపతో చేసిన మంచం వదులైతే వడ్రంగి ఒక మేకు కొట్టి, ఒక చీల పెట్టి బిగిస్తాడు. అలాంటి మంచాలు తాత నుంచి మనవడికి వచ్చేవి.

దీవుల అడవులు అంతులేకుండా నరికివేతకు గురికావడంతో వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. శేఖర్ సింగ్ కమిషన్ నివేదిక ఆధారంగా 2002 మే 7న కోర్టు ఇచ్చిన ఆదేశాలు వాణిజ్య నరికివేతకు అడ్డుకట్ట వేశాయి. కలప స్థానిక అవసరాలకే పరిమితమైంది. అడవులకు, ముఖ్యంగా ఆదివాసుల అడవులకు, అది అవసరమైన తీర్పు. కానీ కలప ప్రియమైన చోట ఇళ్లలోకి ఏం వచ్చిందన్నది వేరే ప్రశ్న. వచ్చింది రంపపు పొట్టును జిగురుతో నొక్కిన పలక. విడివిడి ముక్కలుగా అట్టపెట్టెలో సర్దుకుని సముద్రం దాటడానికి దాని కంటే అనువైనది లేదు. తేమ పట్టగానే అది అప్పడంలా ఉబ్బుతుంది. స్క్రూ పట్టు వదిలేస్తుంది, వదిలిన చోట మళ్లీ పట్టదు. చిత్రిక పట్టడానికి అందులో కలప లేదు, పొయ్యిలో పెట్టడానికి జిగురు పొగ. ఒక వడ్రంగి ఎంత గొప్పవాడైనా దాని దగ్గర చేతులెత్తేయాల్సిందే.

ఇల్లే బాగు చేసుకోలేనిదైతే

ఈ మొత్తం వ్యవహారంలో పెద్ద ఉదాహరణ మిక్సీయో, మంచమో కాదు. నికోబార్ ఇళ్లు. 2004 డిసెంబరు 26 సునామీలో దీవుల్లో మరణించినవారు, గల్లంతైనవారు అధికారిక లెక్కల్లోనే మూడున్నర వేలు. నికోబార్ తీర గ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. అంతకుముందు నికోబారీలు గుంజల మీద, గడ్డితో, తాటి జాతి ఆకులతో, పేము కట్లతో ఇళ్లు కట్టుకునేవారు. కావలసిన సరకు చుట్టూ ఉన్న అడవిలోనే దొరికేది. ఊరంతా కలిసి కట్టేవారు. కప్పు చెడితే ఊరే మళ్లీ కప్పేది.

సునామీ తర్వాత మొదట రేకుల తాత్కాలిక గుడారాలు వచ్చాయి. భూమధ్యరేఖకు దగ్గరలో, కిటికీ గాలి సరిగా ఆడని రేకుల గదుల్లో ఎండవేళ కూర్చోవడమే కష్టమైంది. తర్వాత వేల సంఖ్యలో శాశ్వత ఇళ్లు కట్టారు. ఉక్కు స్తంభాలు, పలకలు, బోల్టులు, కప్పు రేకులు అన్నీ ప్రధాన భూభాగం నుంచి ఓడల్లో తెచ్చినవే. ఇళ్లు భూకంపాలకు తట్టుకునేట్టు ఉండాలన్న ఉద్దేశం మంచిదే. అయితే వాటిలో ఒక పలక పగిలినా, ఒక బోల్టు తుప్పుపట్టి విరిగినా, బాగుచేయడానికి ఆ ఊళ్లో సరకు లేదు. కట్టిన విద్యా ఊరి వాళ్లది కాదు. నికోబార్‌లో సునామీకి ముందు నుంచీ పరిశోధన చేసిన సిమ్రన్ జీత్ సింగ్, దీవుల గురించి దశాబ్దాలుగా రాస్తున్న పంకజ్ సేఖ్‌సరియా వంటివారు ఈ సాయం తీరును గట్టిగానే ప్రశ్నించారు. విపత్తు తీసుకెళ్లింది ఇళ్లను. ఇళ్లను తామే నిలబెట్టుకునే శక్తిని బలహీనపరిచింది మాత్రం ఆ తర్వాత వచ్చిన సరకు.

చట్టం ఎంతవరకు వచ్చింది

కొనుగోలుదారు చేతిలో ఏమీ లేదనలేం. 2020 జులైలో అమల్లోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఒక మంచి పని చేసింది. కంపెనీ ఎక్కడున్నా, కొన్నవారు తాము నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు. వస్తువు చెన్నైలో కొన్నా కేసు శ్రీ విజయపురంలో నడుస్తుంది. కోరితే వీడియో ద్వారా విచారణకూ అవకాశం ఇచ్చింది. 5 లక్షల రూపాయల లోపు వస్తువులకు జిల్లా కమిషన్‌లో రుసుము లేదు. చిక్కంతా రుజువు దగ్గర. తయారీ లోపం ఉందో లేదో పరీక్షిస్తే తప్ప తేలదనుకుంటే కమిషన్ ఆ వస్తువును ప్రయోగశాలకు పంపాలి. అంటే మళ్లీ ఓడ ప్రయాణం. రెండు వేల రూపాయల మిక్సీ కోసం అంత దూరం వెళ్లేవారు అరుదు. ఆ సంగతి అమ్మేవాళ్లకూ తెలుసు.

బాగు చేసుకునే హక్కు మీద కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో ఒక కమిటీ వేసింది. వ్యవసాయ పనిముట్లు, సెల్‌ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు దాని పరిధిలోకి వచ్చాయి. అదే ఏడాది డిసెంబరు 24న ఒక పోర్టల్ ప్రారంభమైంది. కంపెనీలు తమ వస్తువుల మాన్యువళ్లు, విడిభాగాల ధరలు, సర్వీస్ సెంటర్ల వివరాలు అందులో పెట్టాలన్నది ఆలోచన. పెట్టితీరాలన్న చట్టం మాత్రం లేదు. ఆ తర్వాత ఫోన్లు, ఎలక్ట్రానిక్ వస్తువులకు ఎంత తేలికగా బాగుచేయవచ్చో చెప్పే మార్కుల పద్ధతిని సూచిస్తూ మరో కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. విప్పడం ఎంత కష్టం, విడిభాగాలు తగిన సమయంలో దొరుకుతాయా, ఎలాంటి స్క్రూలు, ఎలాంటి పనిముట్లు కావాలి అన్నవి ఆ మార్కులకు ఆధారాలు.

ఫ్రాన్స్ ఈ పద్ధతిని 2021 జనవరి 1 నుంచే అమలు చేస్తోంది. పదికి ఎన్ని మార్కులో దుకాణంలోనే వస్తువు పక్కన కనిపించాలి. కొత్త వస్తువు ధరతో పోలిస్తే విడిభాగం ధర ఎంత అన్నదీ అక్కడి మార్కుల్లో ఒక భాగం. ఐరోపా సమాఖ్య 2025 జూన్ 20 నుంచి ఫోన్లు, ట్యాబ్లెట్లకు ఇంకా కచ్చితమైన నియమం పెట్టింది. మోడల్ అమ్మకం ఆగిపోయాక కూడా ఏడేళ్ల పాటు కీలక విడిభాగాలు దొరకాలి. అడిగిన 5 నుంచి 10 పనిదినాల్లో అందించాలి.

మన దగ్గర ‘తగిన సమయం’ అంటే ఎంత అన్నది దీవుల వైపు నుంచి చూస్తే పెద్ద ప్రశ్న. చెన్నైలో మూడు రోజుల్లో అందే భాగం క్యాంప్‌బెల్ బేలో మూడు వారాలు పట్టవచ్చు. 744తో మొదలయ్యే పిన్‌కోడ్‌కు వస్తువు అమ్మగలిగిన కంపెనీ, అదే పిన్‌కోడ్‌కు ఎన్ని రోజుల్లో విడిభాగం పంపుతుందో అమ్మేటప్పుడే చెప్పాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. జింకు పూత బరువు, స్టీలు రకం, బోర్డుకు తేమ నుంచి రక్షణ ఉందా లేదా అన్నవీ పెట్టె మీద అచ్చు వేయడానికి పెద్ద ఖర్చు లేదు. భీమిలికీ, బాపట్లకూ, నిజాంపట్నానికీ అవి అంతే పనికొస్తాయి.

చివరి మజిలీ

బాగుపడని వస్తువు ఎక్కడికి పోతుంది? శ్రీ విజయపురంలో చెత్త చేరేది బ్రూక్షాబాద్ డంపింగ్ యార్డుకు. దీవుల్లో ఖాళీ నేల తక్కువ, అడవి తీయడానికి లేదు. లోహాన్ని, ప్లాస్టిక్‌ను తిరిగి సరకుగా మార్చాలంటే మళ్లీ ఓడ మీద ప్రధాన భూభాగానికి పంపాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు, పాత ఎలక్ట్రానిక్ వస్తువులను తిరిగి శుద్ధికి చేర్చే బాధ్యతను తయారీదారు మీదే పెట్టాయి. ఆ బాధ్యతను బరువుతో కొలుస్తారు. దేశంలో గుర్తింపు పొందిన ఏ రీసైక్లర్ దగ్గరైనా సర్టిఫికెట్లు కొని లక్ష్యం పూర్తి చేయవచ్చు. ఢిల్లీ శివార్లలో తీసిన కిలో తుక్కూ, దిగ్లీపూర్‌లో తీసిన కిలో తుక్కూ ఆ లెక్కలో సమానమే. ఢిల్లీది లారీలో ఒక గంట దూరం వెళ్తుంది. దిగ్లీపూర్‌ది పడవ మీద శ్రీ విజయపురం వచ్చి, అక్కడి నుంచి చెన్నై ఓడ కోసం గోదాములో కాచుకుని ఉండాలి.